నక్షాల గదిలో బెజ్జం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నెల కింద ఫోన్ చేసి, "నువ్వు చేసే లైట్ల పని గురించి ఒక అరగంట మాట్లాడాలి" అన్నారు. సంతోషపడ్డాను. అంతలో పక్కనుంచి ఇంకో గొంతు వినిపించింది. "మాట్లాడుడు తర్వాత గాని, బడి మొత్తానికి సీరియల్ సెట్లు కట్టడానికి ఎంత తీసుకుంటడో అడుగు" అని. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. బిల్లు సంగతి ఆఖర్న చెప్తాను.

ముందు నక్షాల గది గురించి చెప్పాలి. పాత బ్లాకు చివర, నీళ్ల కుండల పక్కన, పడమర వైపు తలుపున్న చిన్న గది. ప్రపంచ పటం, ఆంధ్రప్రదేశ్ పటం, సొట్టపోయిన గ్లోబు, ఒక కాలు లేని బల్ల. తొమ్మిదో తరగతిలో ఒక రోజు పొద్దున లెక్కల పీరియడులో పక్కవాడితో మాట్లాడినందుకు సార్ నన్ను బయట నిలబెట్టారు. ఏ సారో చెప్పను. ఆయన ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. వరండాలో నిలబడితే హెడ్మాస్టరు గారి రౌండులో దొరికిపోతాను. అందుకని నెమ్మదిగా నక్షాల గదిలో దూరి తలుపు దగ్గరేసుకున్నాను.

కొంచెంసేపు ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఎదురు గోడ మీద ఏదో పచ్చగా కదులుతోంది. ఇంకాసేపు చూస్తే అది మన ఆటస్థలంలోని వేపచెట్టు. కొమ్మలు కిందికి, మొదలు పైకి. ఇంతలో మన అటెండరు సైకిల్ మీద గోడ పైభాగంలో తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు పోయాడు. నిజం చెప్తున్నా, భయమేసింది. బయటికి పరిగెత్తబోతే తలుపు తెరుచుకుంది. ఎదురుగా డ్రాయింగ్ సార్.

"ఏం చేస్తున్నవ్‌రా ఇక్కడ?"

"సార్, చెట్టు తలకిందులైంది సార్."

సార్ కొట్టలేదు. లోపలికొచ్చి తలుపేసి, గ్లోబు పక్కకు జరిపి ఆ కుంటి బల్ల మీద జాగ్రత్తగా కూర్చున్నారు. పది నిమిషాలు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత లేచి తలుపు చెక్కలో ఉన్న చిన్న బెజ్జం మీద బొటనవేలు పెట్టారు. చెట్టు మాయం. వేలు తీశారు, చెట్టు వచ్చింది. చెక్కలో ముడి ఉన్నచోట అది ఊడిపోయి పడిన బెజ్జం అది. మూడు గోళీలు వరసగా పడతాయి, అంతే. "బెజ్జం ఇంకా చిన్నగుంటే బొమ్మ ఇంకా తేటగ వస్తది. కని వెలుగు తగ్గుతది. ఏది కావాలనో నువ్వే చూసుకో" అన్నారు. మర్నాడు ప్రేయరు కాగానే ఒక డ్రాయింగ్ షీటు తెచ్చి ఆ గోడకు అంటించి, వేపచెట్టును ఎలా పడితే అలాగే, తలకిందులుగానే పెన్సిలుతో గీయమన్నారు. గీశాను. 2000 ఆగస్టు వానల్లో ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు ఆ కాగితం పోయింది. సార్ కూడా ఇప్పుడు లేరు. నేను చేసే పనికంతా మొదలు ఆ పది నిమిషాలే కాబట్టి ఇంత పొడుగ్గా చెప్పాను.

పదో తరగతి కాగానే నేను నేరుగా కళాకారుణ్ణి అయిపోలేదు. శాలిబండలో ఒక లైట్ డెకరేషన్ దుకాణంలో పనికి కుదిరాను. పెళ్లిళ్లకు, బోనాలకు, గణేశ్ మండపాలకు, మిలాద్‌కు సీరియల్ బల్బులు కట్టడం. ఆ కూలితోనే మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఫీజు కట్టుకున్నాను. మా అత్తగారి ఊళ్లో ఇప్పటికీ నేను "డెకరేషన్ అల్లుడినే". ఆ మాటకు నాకేం బాధ లేదు. వైరు ఎక్కడ తెగుతుందో, వానకు ఎక్కడ షాక్ కొడుతుందో, పండగనాడు ఏ ఇంటివాళ్లు మీటరు నుంచి లైను ఇస్తారో, ఏ ఇంటివాళ్లు ఇవ్వరో ఏ కాలేజీ నేర్పదు.

కాలేజీలో చదువుకుంటున్నప్పుడే ఒక సంగతి గమనించాను. మేము కొత్తగా ఏదో చేస్తున్నామనుకుంటున్నాం గాని, పాతబస్తీకి వెలుతురుతో పని చేయడం నాలుగు వందల ఏళ్లుగా వచ్చు. పత్తర్‌గట్టీ దగ్గర బాద్‌షాహీ ఆషుర్ ఖానా ఉంది. మనలో చాలామంది దాని ముందునుంచే బస్సెక్కి తిరిగాం గాని లోపలికి పోయినవాళ్లు తక్కువ. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1594లో మొదలుపెట్టించిన కట్టడం, అంటే చార్మినార్ తర్వాత మూడేళ్లకే. గోడల నిండా నీలం, పసుపు, ఆకుపచ్చ మెరుగు పెంకులు. ఆ పెంకులతో పీర్ల ఆకారంలో పెద్ద పెద్ద బొమ్మలు కూర్చారు. కుతుబ్ షాహీల కాలంలో మొహర్రం నెల మొదటి రాత్రి ఒక వరస దీపాలు, రెండో రాత్రి ఇంకో వరస, ఇలా రోజుకో వరస పెంచుతూ పదో రాత్రికి పదివేల దీపాలు వెలిగించేవారని చరిత్రలో రాసుకున్నారు.

ఆ వరసలోని తెలివి చూడండి. మొదటి రోజే పదివేలూ వెలిగించగల రాజు, రోజుకింత అని పెంచుతూ పోయాడు. చూసేవాడి కన్ను దానికి అలవాటు పడుతూ పోవాలి. మన నక్షాల గదిలో పది నిమిషాలు ఆగితే గాని చెట్టు కనిపించలేదు కదా, ఇక్కడ పది రాత్రులు. పైగా అది దుఃఖ దినాల వెలుతురు. పండగ లైటింగు కాదు. నూనె దీపం కదులుతుంటే మెరుగు పెంకు మీద వెలుగు కదులుతుంది, గోడంతా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. నేను ఒకసారి అనుమతి తీసుకుని ఒక చిన్న దీపంతో ఆ గోడ ముందు గంటసేపు కూర్చున్నాను. తర్వాత అదే గోడను ట్యూబులైటు కింద చూస్తే బాత్‌రూమ్ టైల్స్ లాగా కనిపించింది. చెప్పకూడదు గాని అలాగే కనిపించింది.

1908 సెప్టెంబరు మూసీ వరదకు ఆ గోడల కింది భాగంలో పెంకులు దెబ్బతిన్నాయి. పోయినచోట రంగులతో అదే నమూనా గీయించారు. పగటి వెలుతురులో చూస్తే ఏది పెంకో ఏది రంగో ఇట్టే తెలుస్తుంది. పెంకు వెలుగును తిరిగి ఇస్తుంది, రంగు తనలోనే ఉంచుకుంటుంది. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో అడిగే పని లేదు. మెరుపు ఎక్కడ ఆగిపోతే అక్కడిదాకా అన్నమాట.

ఇటు మన లాల్‌దర్వాజ బోనాలు. ఆషాఢంలో గోల్కొండతో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దగ్గరికి వచ్చి, ఆఖరికి మన దగ్గరికి వస్తాయి. కుండకు పసుపు, వేపాకు, పైన గురిగిలో దీపం. వందల మంది ఆడవాళ్లు నెత్తిన వెలుగు పెట్టుకుని గల్లీలో నడుస్తుంటే, ఆ దీపం వాళ్ల ముఖం మీద పడదు, వెనక నడిచేవాళ్లకు దారి చూపిస్తుంది. చిన్నప్పుడు మా అమ్మ వెనకాల నడిచినప్పుడు నాకు ఈ సంగతి తట్టలేదు. మేము కట్టిన సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు పెరిగినకొద్దీ ఆ దీపాలు కనిపించకుండా పోవడం మాత్రం చూశాను. అందులో నా చేయి కూడా ఉంది.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు. ఇది చెప్పకుండా మిగతాది చెప్తే అబద్ధమవుతుంది.

పాతబస్తీలో బావోలీ అనే పేరు మీద ఎన్ని గల్లీలున్నాయో మీకు తెలుసు. పేరు మిగిలింది, చాలాచోట్ల బావి పోయింది. ఒక గల్లీలో మాత్రం మెట్లబావి ఒకటి మిగిలింది. సగం పూడిపోయి, చెత్త కుండీగా మారి, గోడల మధ్య ఇరుక్కుని. ఏ గల్లీయో చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. పదిహేనేళ్ల కింద ఆ బస్తీ కుర్రాళ్లతో కలిసి రెండు నెలలు చెత్త తీశాం. ఇటీవల 2022 డిసెంబరులో బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి తెరిచినప్పుడు అందరూ పోయి ఫోటోలు దిగారు కదా, మాది దానిముందు పిల్ల ప్రయత్నం. డబ్బు లేదు, యంత్రాలు లేవు, తట్టలు, పారలు, ఒక ట్రాలీ ఆటో. అడుగున నీళ్లు కనిపించిన రోజు కుర్రాళ్లు మిఠాయి పంచారు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. "అన్నా, నువ్వు లైట్ల ఆర్టిస్టువి గదా, దీన్ని మెరిపియ్యాలె" అన్నారు. నాకూ సరదా పుట్టింది. బస్తీలో చందాలు వేసుకుని ముప్పై రెండు ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు కొన్నాం. కరెంటు తక్కువ లాగుతాయి కాబట్టి పర్యావరణానికి మంచివే అని నేనే ఒక కాగితం కూడా రాసి గోడకు అంటించాను. తెల్లటి వెలుతురు, మెట్ల మీద వరసగా, అడుగున నీలం. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా. మొదటి రాత్రి గల్లీ పట్టనంత జనం. పేపర్లో ఫోటో వచ్చింది. అమ్మ ఆ పేపరు దాచుకుంది.

మూడో వారంలో, బావి పక్క ఇంట్లో ఉండే ఒక అవ్వ నన్ను పిలిచి ఛాయ్ ఇచ్చింది. తిట్టలేదు. "బిడ్డా, ఎప్పుడు తీస్తరు ఇవి?" అని మాత్రం అడిగింది. "ఎందుకవ్వా, బాగలేవా?" అన్నాను. "బాగనే ఉన్నయి. నాకు నిద్ర వస్తలేదు. ఎండకాలం కిటికీ మూసుకొని ఎట్ల పండుకోవాలె? ఇంకోటి, మా గబ్బిలాలు ఎటు పోయినయి?"

మా గబ్బిలాలు అంది. ఆ బావి లోపలి కమాను పగుళ్లలో చిన్న గబ్బిలాలు ఉండేవి. మేం చెత్త తీస్తున్నప్పుడు కూడా చూశాం. మునిమాపు కాగానే పొగలాగా లేచి గల్లీ మీద తిరిగేవి, అవ్వ మంచం మీద కూర్చుని చూసేది. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదేంటంటే, గూడు నోట వెలుతురుంటే అవి బయటికి రావడం ఆలస్యం చేస్తాయి. దోమలు, పురుగులు దండిగా ఎగిరేది పొద్దుగూకే వేళ. ఆ వేళ దాటిపోతే వాటికి తిండి దొరకదు. కొన్నాళ్లకు గూడే వదిలేస్తాయి. పోతే, నేను పెట్టిన తెల్లటి వెలుతురులో నీలం పాలు ఎక్కువ. దానికి గల్లీలోని పురుగులన్నీ వచ్చి బల్బుల మీద పడి చచ్చేవి. తినేవాటికి ఆకలి, తినబడేవాటికి చావు, అవ్వకు జాగారం. నేను మాత్రం కరెంటు బిల్లు తక్కువ వచ్చిందని లెక్క చూపించాను.

ఇంతటితో అయిపోలేదు. వానాకాలం వచ్చింది. ఒకరోజు పగలు పోయి చూస్తే, ప్రతి లైటు పక్కనా గోడ మీద పళ్లెమంత మేర పచ్చటి పాచి. తడి రాయి, దాని మీద రోజూ ఆరు గంటల వెలుతురు, ఇంక మొక్క మొలవక ఏంచేస్తుంది? గుహల్లో దీపాలు పెట్టినచోట ఇలా పాచి పట్టడం ప్రపంచమంతటా జరిగేదే. ఫ్రాన్సులో లాస్కో గుహలో వేల ఏళ్ల నాటి బొమ్మల మీద పచ్చదనం కనిపించి, జనం ఊపిరి, వెలుతురు వాటికి పడటం లేదని 1963లో సందర్శకులకు మూసేశారు. నేను కాలేజీలో ఆ గుహ బొమ్మల గురించి పరీక్ష రాశాను. ఎందుకు మూశారో చదవలేదు. మా బావి గోడ డంగుసున్నం. పాచి దాని సందుల్లోకి దిగితే సున్నం పొడిపొడిగా రాలుతుంది. దాన్ని గీకితే ఇంకా రాలుతుంది.

లైట్లు తీసేశాను. తీయడం కూడా సులువుగా జరగలేదు. చందాలు ఇచ్చిన కుర్రాళ్లకు కోపం వచ్చింది. "అవ్వ ఒక్కతి కోసమా?" అన్నారు. ఒక దఫ్తరు నుంచి ఒకాయన వచ్చి, తీయొద్దు, తెల్లవి బాగలేకపోతే రంగులు మారేవి పెట్టండి, పైన సెల్ఫీ పాయింటు పెడదాం అన్నారు. ఆయనకు నమస్కారం చెప్పి పంపించాం. ముప్పై రెండు లైట్లలో కొన్ని బస్తీలోని ట్యూషన్ గదులకు ఇచ్చాం. కొన్ని ఇంకా మా ఇంటి అటక మీద ఉన్నాయి. రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం అవ్వే కబురు పంపింది, వచ్చి చూడమని. పోయేసరికి ఐదో ఆరో గబ్బిలాలు తిరుగుతున్నాయి. ఇదివరకటి పొగ కాదు. ఐదో ఆరో. అవ్వకు మాత్రం సంతోషంగా ఉంది.

మీలో అమెరికాలో స్థిరపడినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట. న్యూయార్కులో సెప్టెంబరు 11న పడిపోయిన రెండు భవనాల జ్ఞాపకంగా ఏటా ఆ రాత్రి ఎనభై ఎనిమిది పెద్ద సెర్చిలైట్లతో ఆకాశంలోకి రెండు స్తంభాలు లేపుతారు. 2002లో మొదలైంది. ఆ నెల వలస పక్షులు దక్షిణానికి పోయే కాలం. పక్షులు ఆ వెలుతురులో చిక్కుకుని గుండ్రంగా తిరుగుతూ అలసిపోతాయి. అందుకని పక్షుల సంఘం వాళ్లు పైన కూర్చుని లెక్కపెడతారు. వెయ్యికి మించి చిక్కుకున్నాయంటే ఇరవై నిమిషాలు లైట్లన్నీ ఆర్పేస్తారు. పక్షులు వెళ్లిపోయాక మళ్లీ వేస్తారు. మూడు వేల మంది చనిపోయినవారి కోసం పెట్టిన దీపాన్ని పక్షుల కోసం ఆర్పడానికి ఒప్పుకున్నారు చూడండి, అది చదివిన రోజు నాకు అవ్వ గుర్తొచ్చింది. అప్పటినుంచి నేను ఏ పని ఒప్పుకున్నా స్విచ్చి పక్కింటివాళ్ల చేతిలో ఉండాలని కాగితం మీద రాయించుకుంటాను. ఈ షరతు మీద నాలుగు పనులు పోయాయి.

బల్బు లేకుండా పని చేయడం అలా మొదలైంది. అసలు బల్బు ఎందుకు, పగలంతా సూర్యుడు ఊరికే ఉన్నాడు కదా అనిపించింది.

లాడ్ బజార్ వెనక గల్లీల్లో లక్క గాజుల కార్ఖానాలు మీకు తెలుసు. బొగ్గుల మీద లక్క కాల్చి, సాగదీసి, వేడి మీదే చేత్తో ఒక్కొక్క రాయి, ఒక్కొక్క అద్దం ముక్క అద్దుతారు. చాలా కార్ఖానాలు చిన్న గదులు, పైన రేకులు, కిటికీ ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వేసుకోవాలి, కరెంటు పోతే పని బంద్. బ్రెజిల్‌లో ఒక మెకానిక్, ఆల్ఫ్రెడో మోజర్ అని, 2002లో ఊళ్లో కరెంటు కోతలతో విసిగి ఒక ఉపాయం చేశాడు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్లు నింపి, పైకప్పుకు బెజ్జం కొట్టి, కొంత పైకి కొంత లోపలికి ఉండేలా బిగించాడు. ఎండ ఆ నీళ్లలో విరిగి గదంతా పరుచుకుంటుంది. ఎండను బట్టి నలభై నుంచి అరవై వాట్ల బల్బంత వెలుతురు. ఫిలిప్పీన్స్‌లో 2011 నుంచి దాన్ని పేదల ఇళ్లలో వేల సంఖ్యలో పెట్టారు. మేమూ మూడు కార్ఖానాల్లో పెట్టాం. చౌరస్తా దగ్గర పారేసిన కూల్‌డ్రింక్ సీసాలే. నీళ్లలో రెండు మూతల బ్లీచింగ్ ద్రావణం పోయాలి, లేకపోతే లోపల పాచి పడుతుంది. పాచి సంగతి నాకు ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

దీన్ని కళ అంటారా అని ఒక విలేఖరి అడిగాడు. ఏమంటారో నాకు తెలియదు. మేము చేసిన అదనపు పని ఒక్కటే. అక్కడ పగిలి పారేసే అద్దం ముక్కలు ఏరి, సీసా కింద వెలుతురు పడేచోట గోడకు అద్దించాం. అద్దించింది నేను కాదు, అక్కడి ఆడవాళ్లే. గాజుకు అద్దే చేతులు అవి, నాకంటే పది రెట్లు తేటగా అద్దుతాయి. పొద్దు తిరిగేకొద్దీ ఆ చుక్కలు గోడ మీద నెమ్మదిగా నడుస్తాయి. అవి ఫలానా పగులు దగ్గరికి వస్తే నమాజు వేళ, ఫలానా మేకు దగ్గరికి వస్తే పిల్లలు బడినుంచి వచ్చే వేళ అని వాళ్లే గుర్తులు పెట్టుకున్నారు. అది నేను అనుకున్నది కాదు.

ఇంక ఆఖరు పని. లాడ్ బజార్ వెనకే ఒక పాత దేవిడీ. పేరున్న దేవిడీ కాదు. హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ లాంటి పెద్ద పెద్ద స్తంభాలవే ఎన్నేళ్లు పాడుబడ్డాయో మీరు చూశారు. మామూలు ఇళ్లను అడిగేదెవరు? వాటాలు పంచుకోలేక తాళం వేసిన ఇల్లు, అమ్మకానికి సిద్ధమైంది. పై అంతస్తులో తూర్పు వైపు కిటికీ ఉన్న గది ఒకటి నాకు కనిపించింది. ఆ కిటికీ నుంచి ఇళ్ల పైకప్పులు దాటి చార్మినార్ మినారులు కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండు దాటితే పడమటి ఎండ వాటి మీద తిన్నగా పడుతుంది. నాకు నక్షాల గది గుర్తొచ్చింది.

ఇంటి పెద్దాయన్ను అడిగితే, "లైట్లు పెడతావా బేటా? కరెంటు కట్ చేసి ఆరేళ్లయింది" అన్నారు. కరెంటు వద్దన్నాను. మేకు కూడా కొట్టనన్నాను. నల్ల దుప్పట్లు, అట్ట, బియ్యప్పిండి జిగురు. కిటికీ మూసి, అట్టలో రూపాయి బిళ్లకంటే చిన్న బెజ్జం ఒకటి. అంతే పని. పెచ్చులూడిన గోడ మీద నాలుగు మినారుల్లో మూడు తలకిందులుగా దిగాయి. కింద ఆకాశం, ఆకాశంలో పావురాలు. గోడ పెచ్చు ఊడినచోట ఇటుక ఎర్రదనం మినారులోకి కలిసిపోయింది. రోజుకు రెండు గంటలు, పదహారు రోజులు, ఒక్కోసారి పన్నెండు మంది. లోపలికి వచ్చినవాళ్లకు మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించదు. కొందరు "ఏముంది ఇందులో" అని వెళ్లిపోయారు. ఉండినవాళ్లు ఉండిపోయారు.

చివరి రోజు ఇంటి పెద్దాయన వచ్చారు. ఆ గదిలోనే పుట్టారట. చాలాసేపు కూర్చున్నారు. ఎండ తగ్గి మినారులు గోడలో కలిసిపోతుంటే, "డెబ్బై ఏళ్లు ఈ కిటికీ తెరిచే ఉంచాం" అన్నారు. ఇంకేం అనలేదు. మరుసటేడు ఇల్లు అమ్మేశారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు ఉంది. నేనేమీ కాపాడలేకపోయాను, కాపాడానని ఎక్కడా చెప్పుకోను. ఆ పదహారు రోజుల్లో లోపలికి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి మాత్రం మొన్న ఆర్కిటెక్చరులో సీటు వచ్చిందని ఫోన్ చేసింది. పాత ఇళ్లు బాగుచేసే పని నేర్చుకుంటానంది. వాళ్ల నాన్న నన్ను తిట్టి ఉంటాడు.

ఇంక మన బడి. పాత బ్లాకును వచ్చే వేసవిలో కూలుస్తారని మీకందరికీ తెలుసు. కప్పు బలహీనంగా ఉంది, పిల్లల తలమీద పడకూడదు, నేను వాదించను. సీరియల్ సెట్లు కట్టమన్న మిత్రుడికి జవాబు ఇది. రెండు రాత్రులకు బడి మొత్తం లైటింగు చేస్తే ఎంతవుతుందో లెక్క రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. దాని కింద ఇంకో లెక్క కూడా రాశాను: రెండు నల్ల దుప్పట్లు, కిలో పిండి, రెండు రీముల డ్రాయింగ్ షీట్లు. కమిటీ రెండో లెక్క ఒప్పుకుంది. మిత్రుడు కూడా చేయెత్తాడు, చూశాను.

మొన్న శనివారం పోయి గది ఊడ్చాను. గ్లోబు లేదు. బల్ల ఉంది, ఇప్పుడు దానికి రెండు కాళ్లు లేవు. తలుపు అదే. బెజ్జంలో ఎవరో కాగితం ఉండ కుక్కారు, చలికేమో. తీశాను. వేపచెట్టు మనకంటే లావైంది, కొమ్మలు గోడ దాటి పోతున్నాయి, కింద పెడితే కూడా బల్ల పట్టదు.

రేపు పొద్దున ఎనిమిదిన్నర నుంచి గది తెరిచి ఉంటుంది. ఒకసారికి పదిహేను మంది. సార్లకు, టీచరమ్మలకు ముందు వరసలో కుర్చీలు వేశాం. ఫోన్లు బయట అటెండరు దగ్గర ఇవ్వాలి, ఒక్క ఫోను వెలిగినా పదిహేను మంది కళ్లు మళ్లీ మొదటికి వస్తాయి. గోడకు షీట్లు అంటించి ఉంటాయి, పెన్సిళ్లు అక్కడే ఉంటాయి, ఎవరి కొమ్మ వాళ్లు గీసుకుని తీసుకుపోవచ్చు. పదకొండు దాటితే చెట్టు మన వైపు నీడలో పడిపోతుంది, బొమ్మ పలచబడుతుంది. కాబట్టి టిఫిన్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోకండి. లెక్కల సార్, మీరు మాత్రం మొదటి జట్టులోనే రావాలి, నేను తలుపు దగ్గర నిలబడి ఉంటాను.